అలుగు చెల్లమ్మ తమ్ముడు

పెరుమాళ్సామన్న మా అంగడికి తాడు కోసం వచ్చిన రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. రాజపాళయం పాత బస్‌స్టాండు వెనక వీధిలో మాది ఇనుప సామాన్ల అంగడి. తాత పెట్టింది, నాన్న నడిపింది, నేను కూర్చుని ముసలివాణ్ణవుతున్నది. ఎండాకాలంలో తాడు అడిగేవాడు బావి పూడిక తీయడానికో, గేదెను కట్టడానికో అడుగుతాడు. ఈయన మాత్రం నైలాన్ తాడు చుట్టను మొత్తం దింపించి, ఒక కొసను కాలికింద తొక్కిపట్టి, రెండు చేతులా లాగి లాగి చూశాడు.

“ఏమన్నా, ఏనుగును కట్టేదానికా?” అన్నాను.

“లేదు తంబీ. వెళ్ళం వస్తే జనాలు పట్టుకొనేదానికి.”

వెళ్ళమంటే మా వైపు వరద. నాకు నవ్వు ఆగలేదు. మునిసిపాలిటీ కొళాయిలో నీళ్ళు వచ్చిన రోజును పండగలా చేసుకుంటున్న కాలమది. “వెళ్ళం వస్తే నాకూ ఒక బిందె పట్టిపెట్టన్నా” అన్నాను. ఆయన నవ్వలేదు. తాడు భుజాన వేసుకుని, రెండు విజిళ్ళు కూడా అడిగి తీసుకుని, సేత్తూరు బస్సెక్కి పోయాడు.

ఆయన ఊరు సేత్తూరు దగ్గరే. పేరు రాయను. రాస్తే రేపటినుంచి ఆ బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరు. చెరువు కింద వరి, కొంచెం కొబ్బరి, పాత మిద్దె. మా మాదిరే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబం. తాలూకాఫీసులో వరదలప్పుడు ఊరికి సాయం చేసేవాళ్ళకు శిక్షణ ఇస్తామంటే, టీ ఇస్తారని పోయినవాళ్ళు కొందరు, ఫోటో కోసం పోయినవాళ్ళు కొందరు. నేర్చుకుందామని పోయినవాడు ఈయనొక్కడే అనుకుంటాను. నారింజ రంగు కోటొకటి ఇచ్చారు. అది వేసుకుని బజారులో నడిస్తే పిల్లలు వెంటపడేవాళ్ళు.

అసలు ఆయన మనిషే అంత. పక్కవీధికి పోవాలన్నా హెల్మెట్టు పెట్టుకుంటాడు. పెళ్ళికి పిలిస్తే ముందు పందిరి గుంజలు కదిపి చూసి, తర్వాతే వధూవరులను చూస్తాడు. పడుకునే ముందు గ్యాసు కట్టారా అని ఇల్లంతా అడుగుతాడు. కూతురు శివరంజని మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది. “మా నాయన దేవుడికి దండం పెట్టేది కూడా దీపం ఆరిందా లేదా అని చూసేదానికే” అని నాతో అని నవ్వేది. భయస్తుడని ఊరంతా ఎగతాళి చేసేది. ఎగతాళికి ఆయన నొచ్చుకునేవాడు కాదు. తన మాట ఎవరూ వినకపోవడం మాత్రం ఆయనను తినేసేది.

ఆ మాట ఏమిటో చెప్పాలంటే ముందు వాళ్ళ చెరువు సంగతి చెప్పాలి.

మాది వాన కోసం మొహం వాచిన జిల్లా. పడమటి కొండలు కళ్ళెదుటే నల్లగా నిలబడి ఉంటాయి, వాన మాత్రం అవతలివైపే కురిసి పోతుంది. వాళ్ళ చెరువు నిండి అలుగు పారడమన్నది ఎప్పుడో కొన్నేళ్ళకొకసారి జరిగే ముచ్చట. పారిందంటే ఇక ఊళ్ళో ఒక్క మనిషి ఇంట్లో ఉండడు. కట్ట చివర రాళ్ళు నిలబెట్టి కట్టిన అలుగు, దాని కిందివైపు వాలుగా పరిచిన పెద్ద రాతి పరుపు. ఆ పరుపు మీద నీళ్ళు పలచగా, తెల్లటి పంచె పరిచినట్టు జారుతుంటే జనం అందులోకి దిగుతారు. డప్పులు, టపాకాయలు, కొత్త చీరలు. పసిపిల్లల కాళ్ళు ఆ నీళ్ళలో తడిపితే బిడ్డ గట్టిపడుతుందని నమ్మకం. నడుమనున్న రాతి దగ్గరికి ఒక ఆడమనిషి పసుపు, కుంకుమ, గాజులు, పూలు పెట్టిన పళ్ళెం తీసుకుపోయి గంగకు ఇస్తుంది. ఆ పళ్ళెం ఇచ్చే హక్కు ఒకే ఒక్క ఇంటి ఆడపడుచుది. ఆ ఇల్లు పెరుమాళ్సామన్నది.

శిక్షణలో ఆయన నేర్చుకొచ్చింది చిన్న సంగతి, చిన్నపిల్లవాడికైనా అర్థమయ్యే సంగతి. చెరువు ఖాళీగా ఉన్నన్నాళ్ళు కొండమీద ఎంత వాన పడినా చెరువు కడుపులో దాచుకుంటుంది. నిండిన తర్వాత దాచుకోవడానికి చోటుండదు. కొండమీద పడిందంతా వచ్చినదారిన వచ్చి అలుగు మీదనే దూకుతుంది. ఊళ్ళో ఎండ కాస్తున్నా సరే దూకుతుంది. అంటే, జనం పిల్లాపాపలతో రాతి పరుపు మీదికి దిగే ఆ ఒక్క రోజే, అక్కడ నిలబడకూడని రోజు.

ఆయన అన్నీ ఆలోచించాడు. కొండ అడుగున బంధువు ముత్తుకుమార్‌కు మామిడితోట ఉంది. వాగు రంగు మారితే అక్కడినుంచి ఫోన్ చెయ్యాలి. ఫోన్ రాగానే ఈయన విజిల్ ఊదుతాడు. పరుపు దిగువ అంచున ఈ గట్టునుంచి ఆ గట్టుకు ఇనుప గుంజలు నాటి తాడు కడతాడు. పిల్లలను కట్ట దించకూడదు. పళ్ళెం కట్టమీదినుంచే ఇవ్వాలి. ఇంతే. ఇనుప గుంజలు మా అంగడివే. వాటిని ఆటోలో వేయించి నేనే తీసుకుపోయాను. ఆ సాయంత్రం ఊరి చావడిలో కూడిక జరిగితే నేనూ ఒక మూల కూర్చున్నాను.

ఊరి పెద్ద జగన్నాథ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి పోదుము. వక్క నములుతూ అంతా విన్నాడు.

“తాడు కట్టుకో సామీ. బాగుండాది. విజిల్ కూడా ఊదు. ఆ కోటు ఏసుకొని నిలబడితే మన ఊరికే ఒక కెత్తు, ఒక గొప్ప” అన్నాడు. “అయితే పళ్ళెము కట్టమీద నుంచి ఇచ్చేదేమిటికి? గంగమ్మకు ఇచ్చేది దూరంగా నిలబడి విసిరేసేదానికి అదేమన్నా నోటీసు కాగితమా?”

అందరూ నవ్వారు. పెరుమాళ్సామన్న లేచి నిలబడ్డాడు. “పెద్దనాయనా, నీళ్ళు అట్లే ఉంటాయని ఎవరు చెప్పినారు? కొండలో మబ్బు పగిలిందంటే కండ్లు మూసి తెరిచేలోపల చీలమండ కాడ ఉండే నీళ్ళు ఎదురొమ్ముకు వస్తాయి.”

“మా తాత కాలము నుంచి దిగుతుండాము. ఎవ్వురు పోయినారు?”

నిజమే. ఎవరూ పోలేదు. ఎవరూ పోకపోవడమే ఆయనకు శత్రువైంది. ఎవరైనా పోవాలని కోరుకోలేడు గదా. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

తర్వాత వచ్చిన ఐప్పసి నెలలో, మన ఆశ్వయుజమప్పుడు, వానలు మొదలయ్యాయి. చెరువు ముప్పాతిక నిండింది. ఒకసారి ముందుగా చేసి చూద్దామని ఆటోకు మైకు కట్టుకుని వీధి వీధి తిరిగాడు. “కన్మాయి నిండుతుండాది. కలుంగు కాడికి ఎవ్వురూ రావద్దండి” అని. చెరువును కన్మాయి అనీ, అలుగును కలుంగు అనీ అంటారు వాళ్ళు. ఆటో చివరి వీధి తిరిగేలోపే మొదటి వీధి ఆడవాళ్ళు తలలు దువ్వుకుంటున్నారు. రావద్దన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, నిండుతున్నదన్న మాటొకటే ఎక్కింది. చోళపురం నుంచి కూడా షేరాటోల్లో జనం దిగారు. అలుగు మీద చుక్క నీళ్ళు లేవు. ఊరించి ఏమార్చాడని ఆయన్ను ఎంత తిట్టారో! ప్రాణాలు కాపాడ్డానికి పెట్టిన కేక పెళ్ళిపిలుపైంది.

మర్నాడు అంగడికి వచ్చి నా ఎదుట కూర్చుని అడిగాడు. “ఏ మాట చెప్తే బయపడతారు తంబీ? నువ్వు నాలుగు రకాల జనాలతో మాట్లాడేవాడివి. చెప్పు.”

నేనేం చెప్పను? తాగడానికి నీళ్ళు లేక బిందెలతో రోడ్డు మీద కూర్చున్న జనానికి, నీళ్ళొస్తున్నాయి పారిపోండి అని ఏ నోటితో చెప్తే నమ్ముతారు? వానకు భయపడడం మావాళ్ళకు ఎవరూ నేర్పలేదు. వానకు ఏడవడం మాత్రం వచ్చు.

ఊరు వినకపోయినా సరే, తన ఇల్లయినా వినాలి గదా అనుకున్నాడు. ఆయన ఇంటి ఆడపడుచు చెల్లమ్మాళ్, ఆయనకంటే పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆమే. అదే ఊళ్ళో ఇచ్చారు. పిల్లలు కలగలేదు. భర్త మెతక మనిషి, ఆమె మాటే ఆయన మాట. నవ్వితే వీధి చివరికి వినబడేది. ఎవరింట్లో కాన్పైనా, చావైనా ముందు ఆమె కాలు పెట్టేది. అయినా శ్రీమంతాలకు పిలిచినప్పుడు మాత్రం వెనక వరసలో కూర్చునేది. ఎవరూ కూర్చోమనలేదు, తనే కూర్చునేది. నేను ఒక శ్రీమంతంలో చూశాను గనక చెబుతున్నాను.

నేను గుంజలకు కొక్కేలిచ్చి రావడానికి పోయినప్పుడు అక్కా తమ్ముడూ వసారాలో వాదులాడుకుంటున్నారు.

“నువ్వు కట్టమీదనే నిలబడి ఇస్తే ఊరు కూడా నిలబడుతుంది అక్కా. నువ్వు దిగితే అందరూ దిగుతారు. నీ చేతిలో ఉండాది అంతా” అంటున్నాడు ఆయన.

“తంబీ, ఎన్ని ఏండ్లుగా ఆ కలుంగు పారలేదు? పెండ్లయినాక రెండుసార్లే నాకు ఆ పళ్ళెము దొరికింది. అన్ని దినాలూ వాండ్లకు నేను బిడ్డలు లేనిదాన్ని. ఆ ఒక్క దినము ఊరంతా నా వెనక నడుస్తుంది. బిడ్డతల్లులు నా కాలికి మొక్కుతారు. దాన్ని కూడా కట్టమీద నుంచి చూడమంటావా?”

“అయితే నడుముకు తాడు కట్టుకో” అన్నాడు.

“నేనేమి మేకనా?”

“చేత్తోనైనా పట్టుకో. దిగేటప్పుడు, వచ్చేటప్పుడు తాడు విడవద్దు. నా మీద ఒట్టు.”

తమ్ముడి నెత్తిమీద చెయ్యి పెట్టి ఆమె నవ్వింది. “సరి రా, పట్టుకుంటాను. నీ బయము తగలెయ్య. చిన్నప్పుడు బావి గట్టుకు కూడా వచ్చేవాడివి కాదు, నేనే మోసుకొని పోతిని.” నావైపు తిరిగి, “కాపీ తాగి పోప్పా, మీ అన్న లోకాన్ని కాపాడుతుండాడు” అంది.

ఆ రాత్రి నుంచే ఆయన గట్టునుంచి పరుపు మీదుగా నడుమ రాతి వరకు ఇంకో తాడు కట్టే పనిలో పడ్డాడు. అక్క కోసం ప్రత్యేకంగా కట్టిన తాడది.

కార్తీకంలో వాన పట్టింది. పట్టిన వాన వదల్లేదు. అలుగు పారిందన్న కబురు మధ్యాహ్నం వేళ రాజపాళయమంతా పాకింది. అంగడి మూసి నేనూ పోయాను. వాన చూసిన రాజపాళయం మనిషిని అంగడిలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. నేను పోయేసరికి చినుకు ఆగి లేత ఎండ వచ్చింది. కట్టమీద తిరునాళ్ళంత జనం. పరుపు మీద నీళ్ళు చీలమండ దాటలేదు. పిల్లలు జారుడుబండ ఆడుతున్నారు. పెరుమాళ్సామన్న నారింజ కోటు వేసుకుని ఈ గట్టు, ఆ గట్టు తిరుగుతూ గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఒక పిల్లవాణ్ణి పైకి తెస్తే ఇద్దరు దిగుతున్నారు.

చెల్లమ్మాళ్ ఎర్ర అంచు పచ్చచీర కట్టుకుని వచ్చింది. తల నిండా కనకాంబరాలు. మొహం వెలిగిపోతున్నది. పళ్ళెం ఎడమ చంకకు ఆనించి, కుడిచేత్తో తాడు పట్టుకుని, మాట ఇచ్చినట్టే ఒక్కో అడుగూ వేస్తూ నడుమ రాతి దాకా పోయింది. నాకు ఆమెను చూస్తే ముచ్చటేసింది. నిజం చెప్పొద్దూ, ఇంత జాగ్రత్త అవసరమా అనిపించింది కూడా.

అప్పుడే ఆయన ఫోను మోగింది. ముత్తుకుమార్. వాగు ఎర్రగా మారి, చెట్లు కొట్టుకొస్తున్నాయట. పెరుమాళ్సామన్న విజిల్ ఊదాడు. ఊపిరంతా పెట్టి ఊదాడు. అది విని కుర్రకారు హుషారెక్కి వేళ్ళు నోట్లో పెట్టుకుని తామూ విజిళ్ళు వేశారు. డప్పులు రెచ్చిపోయాయి. కట్టమీద టపాకాయల సరం అంటించారు. ఆయన విజిల్ అందులో ఎక్కడ కలిసిపోయిందో ఆయనకే తెలియలేదు. విజిల్ పారేసి “ఎక్కండి! ఎక్కండి!” అంటూ నీళ్ళలోకి తనే దిగాడు. మా మనిషి, నీళ్ళకు ఆమడ దూరంలో ఉండే మనిషి, దిగాడు.

నడుమ రాతి దగ్గర చెల్లమ్మాళ్ తాడు వదిలేసింది.

ఎందుకు వదిలిందని తర్వాత ఆఫీసర్లు అడిగారు. వాళ్ళకు ఎలా చెప్పాలి? గంగకు పళ్ళెం ఒంటిచేత్తో ఎవరిస్తారు? మా ఇళ్ళలో వాకిట్లో నిలబడ్డవాళ్ళకు చెంబుడు నీళ్ళివ్వాలన్నా రెండో చెయ్యి ఆనించి ఇస్తాం. ఆమె రెండు చేతులా పళ్ళెం ఎత్తింది. పెరుమాళ్సామన్న వాన గురించి ఆలోచించాడు, వాగు గురించి ఆలోచించాడు, తాడు బలం కాలికింద తొక్కి చూసుకున్నాడు. అక్కకు రెండు చేతులూ కావాలన్నది ఆయనకు తట్టలేదు. నాకు తట్టలేదు. ఆ తాడు కడుతుంటే చూసిన వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

నీళ్ళు అరుపు లేకుండా వచ్చాయి. అలుగు రాళ్ళ మీద గాజులా పలచగా ఉన్న నీరు ఒక్కసారిగా మట్టిరంగు తిరిగి లావెక్కింది. పళ్ళెం కనిపించింది, పచ్చచీర కనిపించింది, తర్వాత అవి కనిపించలేదు. పరుపు మీదున్న జనం కొట్టుకుపోయి దిగువ తాడు మీద పడ్డారు. దానికి వేలాడి, ఒకరి మీద ఒకరు పడి, ఏడుస్తూ గట్టెక్కారు. జారుడుబండ ఆడిన పిల్లలంతా బతికారు. ఆ తాడే లేకపోతే ఊళ్ళో ఇంటికొక శవం లేచేది. ఈ మాట ఆ రోజూ ఎవరూ అనలేదు, ఇప్పటికీ ఎవరూ అనరు. అందుకే నేను రాస్తున్నాను. పెరుమాళ్సామన్నను తాడు దగ్గరే ఇద్దరు పట్టుకుని లాగారు. ఆయన వాళ్ళను కొరికాడు.

తాడు కిందుగా కొట్టుకుపోయిన చెల్లమ్మాళ్ దిగువన సీమతుమ్మ కంపల్లో దొరికింది. దాని గురించి ఇంతకంటే రాయడం నావల్ల కాదు.

కర్మ అయిన తర్వాత ఆయన్ను పలకరించడానికి పోయాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళల్లో తడి లేదు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

“ఇంక వింటారు తంబీ. మా అక్క పోయింది గదా, కండ్లార చూసినారు గదా. ఇంక ఒక్కరు కూడా దిగరు.”

అక్క ప్రాణానికి ఆయన కట్టుకున్న అర్థం అదొక్కటే. దాన్ని పట్టుకునే అన్నం తిన్నాడు, దాన్ని పట్టుకునే నిద్రపోయాడు. మళ్ళీ కూడిక పెట్టించాడు. ఊరంతా తల వంచుకుని విన్నది. జగన్నాథ కళ్ళు తుడుచుకుని, “సామీ, నువ్వు చెప్పినప్పుడే వినుంటే” అన్నాడు. పెరుమాళ్సామన్న మొహంలో ఆ రోజు ఒక వెలుగు చూశాను. అది చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

నీళ్ళు తగ్గాక ఆడవాళ్ళెవరో నడుమ రాతికి పసుపు రాసి పూలు పెట్టారు. పోయిన మనిషికి పూలు పెట్టడంలో తప్పేముంది? తర్వాత ఎవరో పచ్చచీర చుట్టారు. గాజులు వేలాడదీశారు. పిల్లలు లేని ఒక కోడలు మొక్కుకుంది, నెల తప్పింది. ఇంకేం కావాలి? బతికినన్నాళ్ళు శ్రీమంతంలో వెనక వరసలో కూర్చున్న మనిషి, చచ్చి కడుపులు పండించే తల్లయింది. అలుగు చెల్లమ్మ అని పేరు పెట్టారు. శుక్రవారాలు జనం పెరిగారు. జగన్నాథ ముందు నిలబడి నడుమ రాతి మీదనే చిన్న గుడి కట్టించాడు. గుడిని గట్టు మీద కట్టండని పెరుమాళ్సామన్న కాళ్ళావేళ్ళా పడ్డాడు.

“ఆమె పోయిన చోటు గదా సామీ. గట్టు మీద ఆమె ఎక్కడుండాది?” అన్నారు.

గుడికి పోవడానికి పరుపు దిగి నడవాలి. ఇదివరకు అలుగు పారిన రోజే దిగేవాళ్ళు. ఇప్పుడు ఏడాది పొడుగునా దిగుతున్నారు.

ఆయన తిరగని ఆఫీసు లేదు. చివరికి అపాయం అని రాసిన బోర్డు ఒకటి పాతిపోయారు. ఆయన మా అంగడికి రావడం తగ్గించాడు. వచ్చినా ఏమీ కొనేవాడు కాదు. ఒకసారి మాత్రం, “మా అక్కను రెండోసారి చంపుతుండారు తంబీ. ఈసారి ఆమె చేతనే ఊరిని పిలిపిస్తుండారు” అన్నాడు. నేను కాఫీ తెప్పించాను. తాగకుండానే లేచిపోయాడు.

మరుసటి ఏడు కూడా చెరువు నిండింది. మా జిల్లాలో వరసగా రెండేళ్ళు నిండడమంటే మాటలు కాదు. అంతా చెల్లమ్మ చలవే అన్నారు. నిండడానికి ముందే జగన్నాథ తమలపాకులు, వక్కలు పట్టుకుని పెద్దమనుషులతో ఇంటికి వచ్చాడు. పళ్ళెం ఇవ్వడానికి ఇంటి ఆడపడుచు కావాలి. ఇప్పుడు ఆ ఇంటి ఆడపడుచు శివరంజని.

“నా బిడ్డ దిగదు” అన్నాడు పెరుమాళ్సామన్న.

“సామీ, మీ ఇంటి మరియాదె ఇది. అత్తకు కోడలు పళ్ళెమియ్యకుంటే ఎట్లా? ఆమె మనసు నొచ్చుకుంటే ఊరికి మంచిదా?”

మా ఆచారంలో మేనకోడలంటే కోడలితో సమానం. ఆ మాటతో కొట్టారు ఆయనను. శివరంజని గడప దగ్గర నిలబడి ఉంది. చదువుకున్న పిల్ల, తండ్రి భయాన్ని చూసి నవ్విన పిల్ల. ఇప్పుడు నవ్వడం లేదు. “నాయనా, నన్ను పోనియ్యవా? మా అత్త అక్కడ ఒక్కతే ఉండాది” అంది.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు. ఊరు ఓడించడం ఒక ఎత్తు, కడుపున పుట్టినది కూడా అటు నిలబడడం ఒక ఎత్తు. “మీ అత్త అక్కడ లేదు రంజనీ. కంపల్లో నుంచి నేనే తీసుకొస్తిని. కొరివి పెట్టేది దగ్గరుండి చూస్తిని. ఎక్కడా లేదు” అని పెద్దగా ఏడ్చేశాడు. శివరంజని వచ్చి తండ్రి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తమలపాకుల పళ్ళెం వేరే ఇంటికి పోయింది. ఆ ఇంటివాళ్ళు మేళం పెట్టించారని విన్నాను.

అలుగు పారిన రోజు నన్ను తోడు రమ్మని ఆయనే ఫోన్ చేశాడు. పోయిన ఏటికి రెండింతల జనం. బయట ఊళ్ళనుంచి వ్యాన్లు కట్టుకుని వచ్చారు. ఆయన రాత్రంతా కూర్చుని తాళ్ళు కట్టాడు. ఈసారి గుడి చుట్టూ కూడా కట్టాడు. కోటు వేసుకుని నీళ్ళ అంచున నిలబడ్డాడు. శివరంజని కట్టమీద ఫోన్ చెవికి పెట్టుకుని ముత్తుకుమార్‌తో మాట్లాడుతూనే ఉంది. కొత్త ఇంటి ఆడపడుచు పళ్ళెం తీసుకుపోయింది. తాడు పట్టుకోలేదు. చెల్లమ్మే పట్టుకుంటుందని చెప్పిందట.

ఆ రోజు ఏమీ జరగలేదు. నీళ్ళు చీలమండ దాటలేదు. కొండమీద వాన పడలేదు, అంతే. ఒక్కరి కాలు జారలేదు. పెరుమాళ్సామన్న తప్పని ఊరంతటికీ రుజువైంది. జగన్నాథ తడిపంచెతో పైకి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “చూస్తివా సామీ! ఇంత జనంలో ఒక బిడ్డకు దెబ్బ తగిలిందా? అంతా మీ అక్కే కాపాడుతుండాది.” ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండింది. వాదించే ఓపిక లేక పెరుమాళ్సామన్న తల ఊపాడు.

అప్పుడు ఎవరో చిన్నవయసు పిల్ల, తల్లయి రెండు మూడు నెలలు కూడా అయ్యుండదు, చేతుల్లో బిడ్డతో ఆయన ముందుకొచ్చి నిలబడింది. వేరే ఊరి మనిషి. ఈయనెవరన్నది అక్కడివాళ్ళు చెప్పి ఉంటారు.

“మామా, మీరు ఆయమ్మకు కూడబుట్టినవారంట గదా. ఆయమ్మ ఇచ్చిన బిడ్డే ఇది. మీ చేతుల్తో గుడి కాడ దీని కాళ్ళు తడపండి.”

ఆయన బిడ్డను అందుకున్నాడు. రొమ్ముకు హత్తుకుని, నీళ్ళవైపు పోకుండా వెనక్కి తిరిగి, గబగబా కట్ట ఎక్కేశాడు. అంత వేగంగా ఆయన నడవడం నేనెప్పుడూ చూడలేదు. కట్టమీద నా పక్కన నిలబడి రొప్పుతున్నాడు. బిడ్డ పిడికిట్లో ఆయన కోటు గుండీ ఇరుక్కుంది. కింద జనం నవ్వారు. తల్లి కూడా నవ్వుతూనే ఎక్కి వచ్చింది.

“ఇయ్యండి మామా. మీకు బయమంటే నేనే తీసుకొని పోతాను.”

ఆయన ఇవ్వలేదు. ఆ పిల్ల చేతులు చాచే నిలబడింది. మెల్లగా ఆమె మొహంలో నవ్వు పోయి కంగారు వచ్చింది. పక్కవాళ్ళు నవ్వడం మానేసి చూడసాగారు. పెరుమాళ్సామన్న నావైపు చూశాడు, కూతురివైపు చూశాడు. పరాయివాళ్ళ బిడ్డ. ఎంతసేపు పట్టుకోగలడు?

ఇచ్చేశాడు. ఆమె బిడ్డను ఎత్తుకుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మళ్ళీ నీళ్ళలోకి దిగింది.